సున్నం కింద

చేపల రేవు వెనక పోర్టు గోడని
గోరుతో గీకితే చాలు,
పెచ్చులు పెచ్చులుగా ఎన్నికలు రాలతాయి.
పై పొర ఎవడిదో కోచింగ్ సెంటరు.
దాని కింద నీలం. దాని కింద గాలిపటం.
దాని కింద లాంతరు.
అన్నిటికన్నా అడుగున మళ్ళీ నీలం,
ఉప్పుగాలి ఎంత నాకినా చావనిది,
నా చేతిరాత:
సూరాడ ఎల్లాజీకే మీ ఓటు.

ఎనభై అయిదు.
రేవులో బస్తాలు మోసే కళాసీలకి మేస్త్రీ వాడు.
నేను పూర్ణా మార్కెట్టులో షాపు బోర్డులు రాసేవాణ్ణి.
“డబ్బుల్లేవు గురూ, రంగుంది” అన్నాడు.
ఓడలకి వేసే రంగు, డబ్బా మీద అరబ్బీ అక్షరాలు.
ఎక్కడిదని అడగలేదు.
గుర్తు కుట్టుమిషను. సూది గీయడమే కష్టం.
ముప్పై ఏడు గోడలు రాశాను.
ఆరు వందల పదకొండు ఓట్లు. ధరావతు పోయింది.
ఆ రాత్రి జాలరిపేట ఇసకలో కూచుని
“గోడకి పదహారున్నర పడ్డాయిరా” అని
వేళ్ళ మీద లెక్కేసి నవ్వాడు.

ఎనభై తొమ్మిదిలో లాంతరు.
పార్టీ, జీపు, మైకు, డ్రమ్ములకొద్దీ సున్నం.
కాలేజీ హాల్లో రెండుసార్లు లెక్కపెట్టి
తొంభై నాలుగు మెజారిటీ అన్నారు.
మా వీధిలో ఓ మోస్తరు పెళ్ళికి
ఒక బంతిలో కూచునేంత మంది.
ఆ తొంభై నాలుగూ మావేనన్నారు అందరూ:
ఐసు ఫ్యాక్టరీ వాళ్ళు, జ్ఞానాపురం చర్చి వాళ్ళు,
నొప్పులు పడుతూనే వెళ్ళి
వేలికి సిరా పెట్టించుకున్న మా మరదలు పైడమ్మ.
నేనూ అన్నాను. అక్షరాలు నావి కదా.

శాసనసభలో ఐదేళ్ళలో లేచింది మూడుసార్లు.
ఒకటి జాలరిపేట మంచినీళ్ళ గొట్టానికి.
ఒకటి తెప్పల వలలు చింపేస్తున్న మరపడవల మీద.
మూడోసారి నోరు తెరిచేసరికి మైకు కట్టయింది.
ఏం అడగబోయావని అడిగితే
ఎప్పుడూ ఒకే జవాబు చెప్పలేదు.
ఒకసారి రేషను కార్డులన్నాడు, ఒకసారి శ్మశానానికి దారన్నాడు,
తాగినప్పుడు మాత్రం
“దాహమేసి లేచాన్రా” అన్నాడు.
గొట్టం వచ్చింది.
తొమ్మిది నెలలు అందులో నీళ్ళు కూడా వచ్చాయి.

తొంభై నాలుగులో ఇరవై ఒక్క వేలు.
అక్కణ్ణించి ఆయన అయ్యాడు.
కిర్లంపూడిలో ఇల్లు, గేటు దగ్గర చీటీ.
చీటీ మీద పేరు రాసి, పని ఏమిటన్న చోట
ఏం రాయాలో తెలీక తిరిగొచ్చాను.

తొంభై తొమ్మిదిలో రాత్రికి రాత్రి పార్టీ మారి
లాంతర్లు కొట్టేసి గాలిపటాలు గీయమన్నారు.
రెండు పూతలు పూసినా
తోక వెనక దీపం వెలుగుతూనే ఉండేది.
ఓడారు. మూడు వేల రెండు.
నాకు రావలసిన మూడొందల నలభైని
ఓడిన లెక్కల్లో కలిపేశారు.

రెండు వేల నాలుగులో గెలిచారని టీవీలో చూశాను.
జగదాంబ దగ్గర ఫ్లెక్సీలో
ఒక్కో పన్నూ మా ఇంటి తలుపంత.
నా కుంచెలు కిరసనాయిలు డబ్బాలోనే బిగుసుకుపోయాయి.

తొమ్మిదిలో టికెట్టు రాలేదు.
ఏప్రిల్ ఎండలో ఆటో దిగాడు, ఒక్కడే.
తువ్వాలులో చుట్టిన చిన్న డబ్బా. నీలం.
“మళ్ళీ మిషనే ఇచ్చార్రా.”
ఒక్క గోడ. ఈ గోడే.
నిచ్చెన వాడు పట్టుకున్నాడు.
నా చెయ్యి వణికి సూది వంకరపోయింది.
“ఉండనీలే, ఎవడు చూస్తాడు.”
ఐదొందల ఎనభై రెండు. ధరావతు పోయింది.
అదే ఇసకలో, మోకాళ్ళు పట్టేసి కూచోలేక నిలబడి,
“ఒక్క గోడకి ఐదొందల ఎనభై రెండు గురూ,
రేటు పెరిగింది మనకి” అన్నాడు.

అందులో నాది ఉందో లేదో వాడడగలేదు.
మూడొందల నలభై సంగతి నేనెత్తలేదు.

ఇప్పుడు పెచ్చులూడితే నీలం కనిపిస్తుంది.
మొదటిదో చివరిదో రంగు చూసి చెప్పలేం.
సూది దాకా గీకాలి.